తప్పితే ఏడికి

లతీఫ్ సాబ్ తుపాకి కన్న ముందు
తన మోకాళ్లను దించిండు జీపుల నుంచి.
తర్వాత బెల్టు. తర్వాత పాత తువ్వాలల చుట్టిన రెండు గొట్టాలు:
పొడుగుది మూడు పదిహేను రైఫిలు,
పొట్టిది వాళ్ల అబ్బ నాటి పన్నెండు బోరు.
నేను టార్చి పట్టేటోన్ని. నా వంతు బ్యాటరీలు.

లింగాల దాటినంక ఆశమ్మ పల్లిచేను.
చేను అనుడే గని, పందులు తోడిపోసిన మట్టి.
ఊడలు దిగి కాయ పాలు పట్టే యాళ్ల.
"నాలుగు సాళ్లు మిగిలినయి.
అవి గూడ నా మీద దయతోని గాదు, కడుపు నిండి"
అనుకుంట సర్పంచి సంతకం పెట్టిన కాయితం
కొంగు ముడి ఇప్పి ఇచ్చింది,
పెండ్లి పత్రిక ఇచ్చినట్టు.

"పెద్దదే పట్టు సాబ్, ఒక్క దెబ్బకు పోవాలె."
పొల్లగాండ్లందరిదీ అదే మాట.
సాబ్ జవాబియ్యలే. చేను చుట్టు తిరిగిండు.
పంది ఏడ తిన్నదో చూడలే,
పంది నిలబడితే దాని ఎనుక ఏముంటదో చూసిండు.
తూర్పుకు పరుపుబండలు. పడమటికి ఆముదం చేను,
ఆముదాల ఆవల తొవ్వ, తొవ్వ ఆవల తండా.
ఏడెనిమిది దీపాలు.

"తగిలే తూటా గురించి అందరు అడుగుతరు బేటా,
తప్పిన తూటాకు ఇల్లెక్కడనో ఎవరు అడగరు.
రైఫిలుది పంది కాడ ఆగదు.
పందిల నుంచి పోయి, ఆముదాల మీదికెల్లి పోయి,
ఎవరో తల్లి సల్ల చిలుకుతుంటే ఆడ ఆగుతది.
బండకు తాకిందనుకో, ఇగ దానికి దిక్కే లేదు."

రైఫిలును మళ్ల తువ్వాలల పండబెట్టిండు.
మంచం మీద తూటాలు పరిచిండు.
నాలుగో నంబరువి పక్కకు జరిపి,
"ఇవి కౌజులకు. పందికి కొడితే సావదు,
మూడు దినాలు కుంటుతది,
నాలుగోనాడు కట్టెలకు పోయిన మనిషి మీద పడ్తది."
ఎస్జీ, తొమ్మిది గుండ్లు. ఎల్జీ, ఆరు.
అట్టది ఒకటి వాన తేమకు ఉబ్బింది.
గోరుతోని గీకి, వాసన చూసి, జేబుల ఏసుకుండు
పనికిరాని చుట్టాన్ని మూలకు కూసోబెట్టినట్టు.

ఆఖరికి ఎల్జీ రెండు. రెండే.
"ఇరవై అడుగులకు రానియ్యాలె.
మంచె మీదికెల్లి కిందికి కొట్టాలె.
తప్పితే అది మట్టి తినాలె, మనిషిని గాదు."

ఆ మాటకు ఆశమ్మ
నాలుగు సాళ్లల రెండు సాళ్లు తన చేతులతోనే పీకి
మంచె కింద కుప్ప పోసింది
అల్లునికి వడ్డించినట్టు, తిట్టుకుంట.

పదకొండు దాటినంక వచ్చినయి.
ముందు వాసన. తర్వాత
తడిమట్టిని ముట్టెతోని చీల్చే చప్పుడు.
పెద్ద మగది. కుప్ప దిక్కు చూడలే.
ఆముదాల అంచున నిలబడ్డది, పక్క మొత్తం మాకు చూపెట్టుకుంట.
యాభై అడుగులు ఉంటదేమో.
నా బొటనేలు టార్చి మీట మీద వణుకుతున్నది.
సాబ్ చెయ్యి నా మణికట్టు మీద పడ్డది.

అప్పుడు చూసిన.
పంది వీపు మీదికెల్లి, దూరాన, తొవ్వ మీద
ఒక సెల్లు లైటు ఊగుకుంట పోతున్నది.
ఎవరో. పాలకో, కాన్పుకో, ఉత్తగనో.
ఆ లైటు తండాల కలిసేదాక మేం ఊపిరి ఆపినం.
కలిసేసరికి పంది లేదు.

తెల్లారి ఆశమ్మ,
"పగలంత తూటాలు ఏరుడు, రాతిరంత వాటికి కావలి కాసుడు.
పంది తినేది పంది తిన్నది" అన్నది.
అన్నది గని, ఉడకబెట్టిన పల్లికాయ గిన్నె ముందర పెట్టింది.
సాబ్ ఒక్కొక్క కాయ ఒలుసుకుంట
కాయితం ఎనుక పక్క రాసిండు:
కాల్చినవి, సున్న.

తుపాకి విరిచి రెండు ఎల్జీలు నా అరచేతిల పోసిండు.
చెమ్మగ ఉన్నయి.
"లెక్కపెట్టు" అన్నడు.
రెండు, అన్న.
"మళ్ల లెక్కపెట్టు."